రెక్కకి ఒక్క నిమిషం

ఆ ఇంటి ఆడపడుచులో ఒక పెద్ద లోపం ఉంది. వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంటుంది. పొద్దున్నే లేస్తుంది. తన పక్క తనే సర్దుకుంటుంది. తను తిన్న కంచంతో పాటు పక్కనున్న కంచం కూడా కడిగేస్తుంది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ముందే హెచ్చరించి పెట్టారు గాని, ఈ పిల్ల పావుమొగుడి పెత్తనమైనా చెయ్యదు. చాడీలు చెప్పదు, ఎదురు చెప్పదు, కూరలో ఉప్పు తక్కువైతే నోరెత్తకుండా వేసుకుని తినేస్తుంది. ఇలాంటి మనిషి మీద అసూయ పడవలసి వస్తే ఆ ఇంటి వదినకి ఎంత కష్టమో ఎవరైనా ఆలోచించారా? కారణం కూడా ఆవిడే కష్టపడి సంపాదించుకోవాలి.

సంపాదించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇద్దరూ పనిచేసేది ఒకే చోట. మనిషి ఎగరడం ఎలా నేర్చుకున్నాడో వరసగా చూపించే ప్రదర్శనశాల అది. గుమ్మం దగ్గర గొర్రె, బాతు, కోడిపుంజు ఎక్కి కూర్చున్న బెలూను. ఆ చివర చంద్రుడి మీద నడిచినవాళ్ళు వేసుకున్నలాంటి తెల్లటి దుస్తు. మధ్యలో ఒక్కో మెట్టుకీ ఒక్కో నమూనా. వాటిలో గుడ్డతో చేసినవన్నీ వదిన చేతివే. పదకొండేళ్ళుగా ఆవిడ గ్యాలరీ వెనకున్న కుట్టుగదిలో కూర్చుని చిరిగింది కుడుతోంది, పాడైంది మారుస్తోంది. ఆడపడుచు మాత్రం ముందు వైపు మనిషి. ఎనిమిది నెలల కిందట గైడుగా చేరింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరూ గువ్వ అని పిలిచేవారు. ఇప్పుడు బళ్ళ నుంచి వచ్చే పిల్లలు గువ్వక్కా అని వెంటపడుతున్నారు.

సోమవారం సాయంత్రం గువ్వ చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"వదినా! చెవులకి పెట్టుకుని వింటారే, ఆ పరికరాలు వస్తున్నాయట మన దగ్గరికి. వాటిలో నా గొంతు పెడతారట."

వదిన బెండకాయలు తరుగుతోంది. కత్తి ఆగలేదు గాని ముక్కలు మాత్రం కొంచెం సన్నబడ్డాయి.

"గురువారం ఎవరో పెద్ద ఇంజనీరమ్మ వచ్చి వింటారట. ఆవిడ సరే అంటే శుక్రవారం రికార్డింగు. ఉద్యోగం కూడా పర్మనెంటు చేస్తామన్నారు డైరెక్టరు గారు. వద్దంటే..." గువ్వ నవ్వింది. "వద్దంటే ఈ నెలాఖరుతో సెలవు. నా కాగితం అంతవరకే ఉంది."

వదిన భర్తకి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. ఊళ్ళో సగం మంది చూపు ఆయనే సరిచేశాడు. ఇంట్లో జరిగేది మాత్రం ఆయనకి దగ్గరా ఆనదు, దూరమూ ఆనదు.

"ఎందుకు వద్దంటుందే! మా నాన్నగారి గొంతు నీది. వీధి చివర నుంచున్నా వినపడేది."

"మీకు రాలేదేం మరి?" అంది వదిన.

"నాకు వచ్చినా నువ్వు వాడుకోనిచ్చావా?"

అన్నాచెల్లెళ్ళు నవ్వుకున్నారు. వదిన బెండకాయల తొడిమలన్నీ ఒక పక్కకి నెట్టింది. రెండేళ్ళ కిందట ఈ పరికరాల సంగతి మొదటిసారి అనుకున్నప్పుడు డైరెక్టరు కుట్టుగది గుమ్మంలో నిలబడి, "మీకంటే బాగా ఈ కథలు ఎవరు చెప్తారమ్మా" అన్నాడు. గైడు రాని రోజుల్లో ఆవిడే కదా నలుగురినీ తిప్పి చూపించేది! ఆ మాటని వదిన బీరువాలో మంచి చీర దాచుకున్నట్టు రెండేళ్ళు మడత నలగకుండా దాచుకుంది. ఆ మాట అన్న డైరెక్టరు అప్పుడే మరిచిపోయాడు. దాచుకున్నవాళ్ళకి ఉంటుంది బరువు, అన్నవాళ్ళకేం?

"సంతోషం," అంది వదిన. బెండకాయలు బాణలిలో వేసి మూత పెట్టింది. బెండకాయ వేపుడుకి మూత పెట్టకూడదని ఆవిడకి తెలియంది కాదు.

*

మంగళవారం కుట్టుగదిలో పారాచూట్ అంచు పని. అంచు పొడుగునా పాత దారం తీసి కొత్త దారంతో కుట్టాలి. బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతూ, తెగిన దారం ముక్కల్ని డబ్బా మూతలో వేస్తూ కూర్చుంది వదిన. ఆ గదికీ గ్యాలరీకీ మధ్య ప్లైవుడ్ గోడ. మాటలు వినపడవు, గొంతు వినపడుతుంది. ఏ బొమ్మ దగ్గర ఉన్నారో అడుగుల చప్పుడుని బట్టి తెలుస్తుంది. ఎదురుగా గోడ గడియారం. ఇన్ని సౌకర్యాలు ఒక్కచోట అమర్చిపెట్టాక మనిషి లెక్క కట్టకుండా ఎలా ఉంటుంది?

కొలతల పుస్తకం వెనక అట్ట మీద సుద్దతో రాసుకుంది. బెలూనుకి నాలుగు నిమిషాలు. రెక్కకి ఒకటి. సముద్రం దాటిన విమానానికి నాలుగు. నాలుగు మీసాలున్న గుండ్రటి మొదటి ఉపగ్రహానికి మూడు. నూటెనిమిది నిమిషాల్లో భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషికి అయిదు. చంద్రుడి దుస్తుకి తొమ్మిది.

రెక్కకి ఒకటి!

ఆ రెక్క వదిన ఈ ఉద్యోగంలో చేసిన మొదటి పని. మొట్టమొదట ఎగిరిన విమానం రెక్కలో సగం, ఇరవై అడుగులు. పల్చటి నూలు గుడ్డ పైనొకటి, కిందొకటి. మధ్యలో చెక్క బద్దలు. ఒక్కో బద్ద దూరడానికి గొట్టంలాంటి పట్టీ. ఆ పట్టీలు ఎక్కడా వంకర పోకుండా కుట్టడానికి నలభై రోజులు పట్టింది. అప్పటి డైరెక్టరు గుడ్డ తెప్పించి ఇచ్చి, మిగిలితే మీరే ఉంచుకోండన్నాడు. ఒద్దికగా కోసింది కాబట్టి మిగిలింది. దానితో ఇంట్లో నాలుగు దిండ్లకి గలీబులు కుట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ, "మీరు ఆనుకున్నది మామూలు దిండు కాదండోయ్, మొదటి విమానం గుడ్డ," అని చెప్పకుండా వదల్లేదు.

ఈ పిల్ల చేరిన కొత్తలో రెక్క దగ్గర ఆరు నిమిషాలు చెప్పేది. గడియారం సాక్ష్యం. రెండు నెలల నుంచి ఒకటే నిమిషం. జనం అటు తిరిగేలోపల ఇటు లాక్కుపోతోంది. ఎందుకూ? అది వదిన కుట్టింది కనక.

అప్పుడే గోడ అవతల పెద్దగా నవ్వులు, ఆ వెంటనే చప్పట్లు. చంద్రుడి దగ్గర. పారాచూట్ చేత్తో పట్టుకునే లేచి వెళ్ళి వదిన తలుపు వేలెడు తీసింది.

"...ముగ్గురు వెళ్ళారు. ఇద్దరు దిగారు," అంటోంది గువ్వ. "మూడో ఆయన పైనే తిరుగుతూ ఉండిపోయాడు. అంత దూరం వెళ్ళి దిగలేదేంటి పాపం అంటారా? ఇంట్లో ఒకరుండాలిగా, తలుపు తియ్యడానికి!"

మళ్ళీ నవ్వులు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది కూడా.

వదిన తలుపు మూసింది. ఆ మాట ఆవిడది. మూడేళ్ళ కిందట అందరూ పెళ్ళికి వెళ్తూ ఆవిడని ఇంట్లో వదిలివెళ్ళినప్పుడు కంచాలు తీస్తూ అన్న మాట. అప్పుడు ఒక్కరూ నవ్వలేదు. భర్త అయితే, "తాళం చెవి పూలకుండీ కింద పెట్టొచ్చుగా," అన్నాడు.

సుద్ద తీసుకుని చంద్రుడి పక్కనున్న తొమ్మిదిని మళ్ళీ దిద్దింది. మొదటిది సరిగ్గా పడలేదని కాదు.

ఆ సాయంత్రం గువ్వ ఏడు కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"వదినా, రికార్డింగుకి రాసింది. ఒక్కసారి చూసి పెట్టవూ? ఒక్కోదీ తొంభై సెకన్లలో ముగించమన్నారు. కొట్టేసి కొట్టేసి నా తల తిరిగిపోయింది. నువ్వు చూస్తే నాకు ధైర్యం."

"నాదేముంది, గోడ వెనక మనిషిని."

"నీకు తెలిసినట్టు డైరెక్టరు గారికే తెలీదు."

వదిన చెయ్యి తుడుచుకుని ఎర్ర పెన్సిలు తీసుకుంది. మొదటిది స్వాగతం చెప్పే కాగితం, దానిలో రెండు కామాలు దిద్దింది. రెండో కాగితంలో బాతు ముందో గొర్రె ముందో సర్దింది. మూడో కాగితం రెక్కది.

'ముందు ఎవరు ఎక్కాలో తేల్చుకోవడానికి అన్నదమ్ములు బొమ్మా బొరుసూ వేసుకున్నారు. అన్న గెలిచాడు. అన్న ఎక్కాడు. పన్నెండు సెకన్లు, నూట ఇరవై అడుగులు. మనిషి ఎగిరాడు.'

పెన్సిలు ఆగింది.

బొమ్మా బొరుసులో గెలిచింది అన్నే, నిజం. ఎక్కిందీ నిజం. ఎక్కి, ముక్కు మరీ పైకెత్తి, మూడున్నర సెకన్లలో ఇసకలో కూలబడ్డాడు. విరిగింది బాగుచేసుకున్నారు. మూడు రోజుల తరవాత వంతు తమ్ముడిది. ఆ పన్నెండు సెకన్లూ తమ్ముడివి. ఈ పిల్ల మధ్యలో మూడు రోజులు కొట్టేసింది. తమ్ముడు కూడా దాంతో పాటే కొట్టుకుపోయాడు. ఇది పిల్లలకి కూడా తెలిసిన సంగతి. పెద్ద ఇంజనీరమ్మని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

"ఎలా ఉంది?" అంది గువ్వ. ఎదురుగా పీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ళకి చుట్టుకుని, పరీక్ష కాగితాలు దిద్దించుకుంటున్నట్టు చూస్తోంది.

వదిన పెన్సిలు మొన కాగితం మీద ఆనించి కాసేపు ఉంచింది. అక్కడొక చిన్న ఎర్రచుక్క పడింది. కాగితం తిప్పేసింది.

"బాగుంది," అంది.

*

బుధవారం పొద్దున్న దిండు మీద నుంచి తల ఎత్తగానే ఆ ఎర్రచుక్కే కనిపించింది. అబద్ధం ఆడలేదు కదా అని వదిన తనకి తనే చెప్పుకుంది. బాగుందనే కదా అన్నాను, నిజమని అన్నానా? స్నానమయ్యేసరికి ఆ సమాధానం నానిపోయింది. పాపం, ఉద్యోగం పోతుంది. పోతే మళ్ళీ ఇంట్లోనే ఉంటుంది, మళ్ళీ నా కంచం కడుగుతుంది. ఎలా చూసుకున్నా నష్టమే.

మధ్యాహ్నం అన్నాలప్పుడు చెప్పేద్దామనుకుంది. 'ఒసేయ్, మూడో కాగితం మళ్ళీ చూడు,' అంటే చాలు. అయిదు మాటలు.

ఇంజనీరమ్మ వస్తోందని రెక్క దుమ్ము దులపమన్నాడు డైరెక్టరు. నిచ్చెన వేసుకుని, మెత్తటి బ్రష్షుతో పట్టీ పట్టీకీ మధ్య మెల్లగా తుడుచుకొస్తోంది వదిన. గుడ్డకి లేత పసుపు రంగు వచ్చింది గాని ఒక్క కుట్టు కూడా వదల్లేదు. నిలువు పోగులు నిలువుగా, అడ్డ పోగులు అడ్డంగా, గీసినట్టున్నాయి. బొటనవేలితో అంచు పొడుగునా రాసుకుంటూ వెళ్ళింది. ఇంత తిన్నగా ఎవరు కుడతారు? ఎవరికి కనపడుతోంది?

అవతల పక్క నుంచి గువ్వ గొంతు వినిపించింది. నిచ్చెన మీద వదిన ఉన్నట్టు ఆ పిల్ల చూడలేదు.

"సార్, రెక్క మీదున్న లైటు తగ్గిద్దామా రేపటికి? బాగా తగ్గిస్తే బాగుంటుంది. కుదిరితే గోడ వైపు కాస్త జరిపితే..."

"ఎందుకమ్మా? మొదటి విమానం కదా!"

"అది కాదు సార్. చంద్రుడికి లైటు ఎక్కువుంటే చాలు కదా. ఇక్కడ ఎవరూ అంత ఆగరు."

"ఆగరా?"

"ఆగరు సార్. నేను ఆపను."

వదిన నిచ్చెన మీద అలాగే ఉండిపోయింది. నేను ఆపను. చీకట్లో పెట్టిస్తోంది. నలభై రోజుల పనిని, పదకొండేళ్ళ మురిపాన్ని, గోడకి అతికించి దీపం తీసేయిస్తోంది. కంచం కడిగే పిల్ల! పైకి మెత్తగా ఉండే చెయ్యే లోపల గిచ్చుతుందని ఊరికే అన్నారా?

అన్నాలప్పుడు గువ్వ డబ్బా తెరిచి, "వదినా, నీకిష్టమని వంకాయ ఎక్కువ పెట్టాను," అంది.

"నాకు ఆకలి లేదు."

"ఏమైందీ?"

"దుమ్ము. గొంతులోకి పోయింది."

అయిదు మాటలూ ఆ దుమ్ముతో పాటే లోపలికి పోయాయి. వంకాయ మాత్రం వదిన తినేసింది. వంకాయతో ఆవిడకేం గొడవ లేదు.

*

గురువారం పదింటికి పెద్ద ఇంజనీరమ్మ వచ్చింది. విమానాలు తయారుచేసే చోట ముప్ఫయ్యేళ్ళు పనిచేసి విరమించిన మనిషి. పొట్టిగా ఉంది. చేతికర్ర ఉంది గాని ఆనుకోవడానికి కాదు, చూపించడానికి. మెడలో తాడుకి చిన్న టార్చి వేలాడుతోంది. డైరెక్టరు ఆవిడ వెనక చేతులు కట్టుకుని నడుస్తున్నాడు. వదిన కుట్టుగది తలుపు పూర్తిగా తీసి, పారాచూట్ అంచు ఒళ్ళో పెట్టుకుని, సూది చేతిలో పట్టుకుని కూర్చుంది. కుట్టడం లేదని తెలియాలంటే దగ్గరికి వచ్చి చూడాలి.

బెలూను దగ్గర గువ్వ బాగా చదివింది. ఇంజనీరమ్మ ఒకసారి నవ్వింది కూడా. ఆ నవ్వు వదినకి చెంప మీద కుట్టినట్టయింది. తరవాత రెక్క. లైటు సగానికి తగ్గించేశారు.

"...అన్న గెలిచాడు. అన్న ఎక్కాడు. పన్నెండు సెకన్లు, నూట ఇరవై అడుగులు..."

"ఆగమ్మాయ్." కర్ర పైకి లేచింది. "పన్నెండు సెకన్లు ఎవరివి?"

"అన్నవి... అండీ."

"మళ్ళీ ఆలోచించు."

గువ్వ కాగితం వైపు చూసింది. పెదవులు కదిలాయి. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తరవాత ముఖమంతా తెల్లబడింది.

"తమ్ముడివండీ. అన్నది కూలిపోయింది. మూడు రోజులు... కొట్టేసేటప్పుడు... తప్పు రాశాను."

"రాశాక ఎవరికైనా చూపించావా?"

గువ్వ కళ్ళు ఒక్కసారి కుట్టుగది వైపు వచ్చాయి. ఎర్ర పెన్సిలు చుక్క ఆ కాగితం మీదే ఉంది. ఆ పిల్ల బొటనవేలి కిందే ఉంది. కళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"లేదండీ."

"ఎవరికీ?"

"ఎవరికీ చూపించలేదండీ."

ఇంజనీరమ్మ తల అడ్డంగా ఊపింది. కోపం కాదు, అలసట.

"చూడమ్మా, తప్పు అందరూ రాస్తారు. నేనూ రాశాను. మా దగ్గర ఒకరు బిగించిన మరని ఇంకొకరు వచ్చి చూసి సంతకం పెడితే తప్ప విమానాన్ని అంగుళం కదలనిచ్చేవాళ్ళం కాదు. బిగించినవాడు ఎంత మొనగాడైనా సరే. తప్పు చేసేవాళ్ళంటే నాకు భయం లేదు. ఇంకొకరికి చూపించనివాళ్ళంటేనే భయం. అలాంటివాళ్ళ గొంతుని పదేళ్ళ పాటు పిల్లల చెవుల్లో పెట్టలేం." డైరెక్టరు వైపు తిరిగింది. "ఇంకెవరూ లేరా మీ దగ్గర?"

గువ్వ కాగితాల్ని నాలుగు మడతలు పెట్టింది. అయిదో మడత పడలేదు.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఉన్నారండీ. మా కుట్టుగది అమ్మగారున్నారు. ఈ కథలన్నీ ఆవిడకి కొట్టిన పిండి. నిజానికి ముందు ఆవిడనే అనుకున్నాం." అని వదిన వైపు చెయ్యి చూపించాడు. "ఈ రెక్క కుట్టింది కూడా ఆవిడే."

రెండేళ్ళు దాచుకున్న చీర. ఎవరో బీరువా తెరిచి తీసి చేతిలో పెట్టారు. వదిన లేచి నిలబడింది. పారాచూట్ ఒళ్ళోంచి జారి కాళ్ళ చుట్టూ కుప్పగా పడింది. దాన్ని దాటుకుని రావడానికి రెండు అడుగులు వెయ్యాల్సి వచ్చింది. తను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఏదీ, ఆవిడ పనితనం చూద్దాం," అని ఇంజనీరమ్మ టార్చి తీసింది.

గువ్వ గబుక్కున అడ్డం వచ్చింది.

"అమ్మా, ఇక్కడ లైటు సరిగ్గా లేదండీ. చంద్రుడి దగ్గరికి వెళ్దాం రండి. అక్కడ దుస్తు కూడా వదినే కుట్టింది. చాలా బాగుంటుంది. అక్కడ అందరూ ఆగుతారు..."

"టార్చి ఉన్నది లైటు లేనప్పటికే కదా," అని ఇంజనీరమ్మ ఆ పిల్లని కర్రతో మెల్లగా పక్కకి తప్పించింది.

వెలుగు గుడ్డ మీద గుండ్రంగా పడింది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి పాకింది. ఇంజనీరమ్మ ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

"కుట్టు అద్భుతంగా ఉంది," అంది. తరవాత, "గుడ్డ నిలువుగా కోశారే!" అంది.

వేలితో గుడ్డ మీద ఏటవాలుగా ఒక గీత గీసి చూపించింది.

"ఇది ఐమూలగా వెయ్యాలి. పడుగూ పేకా రెండూ బద్దలకి ఏటవాలుగా ఉండాలి. అప్పుడు ఒక్కో పోగూ ఒక్కో తాడులా అటూ ఇటూ లాగి పట్టుకుంటుంది, రెక్క మెలిపడకుండా. వాళ్ళ తెలివంతా అక్కడే ఉంది. ఇలా నిలువుగా వేస్తే ఇది కిటికీ తెర." టార్చి ఆర్పి గువ్వ వైపు చూసింది. "నీకు తెలుసు కదూ? అందుకే అడ్డం వచ్చావు."

గువ్వ తల వంచుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"రెండు నెలల నుంచండీ. రెక్క కుట్టడానికి ఇచ్చిన పాత పటం మీద చూశాను."

"మరి చెప్పలేదేం?"

"వదిన..." గువ్వ ఆగింది. "వదిన నలభై రోజులు కుట్టిందండీ. ఇంటికి ఎవరొచ్చినా దాని గురించే చెప్తుంది. ఎలా చెప్పను? ఎవరో ఒకళ్ళు పట్టుకుని అందరిలో అడిగేస్తారని, అక్కడ ఎక్కువసేపు ఆపకుండా జనాన్ని దాటించేస్తున్నాను. అంతే."

ప్లైవుడ్ గోడ మీద గడియారం టిక్కుమంటోంది. ఆరు నిమిషాలు ఒక నిమిషం ఎందుకైందో అది రెండు నెలలుగా చూపిస్తూనే ఉంది. వదిన అంకె మాత్రమే రాసుకుంది.

ఆవిడ రెక్క దగ్గరికి నడిచి వచ్చింది. సూది ఇంకా చేతిలోనే ఉంది. రవిక అంచున గుచ్చుకుంది.

"నిలువుగా కోసింది నేనే," అంది. "పటంలో ఏటవాలు గీతలున్నాయి. నీడ కోసం గీశారనుకున్నాను. అయినా ఐమూలగా కోస్తే ఎంత గుడ్డ దండగ! ఏ ఆడదీ చెప్పందే అలా కొయ్యదండీ. పొదుపుగా కోశానని మురిసిపోయాను. మిగిలిన గుడ్డ మా ఇంట్లో నాలుగు దిండు గలీబులైంది."

ఇంజనీరమ్మ నవ్వింది. డైరెక్టరు కూడా, అనుమతి దొరికినట్టు నవ్వాడు.

"దానికేముందమ్మా. విప్పి మళ్ళీ వేస్తే పోయే తప్పు. మీరు ఒప్పుకున్నారు, చాలు. మీ గొంతు కూడా స్పష్టంగానే ఉంది. ఆ కాగితాలు తీసుకోండి."

గువ్వ మడతలు విప్పి, అరచేతి మీద పెట్టి సాపు చేసి, రెండు చేతులతో వదినకి అందించింది. మూడోది పైనే ఉంది. ఎర్రచుక్క సరిగ్గా మడత మీద పడింది. ఆ పిల్ల ముఖంలో కోపం వెతికింది వదిన. ఎప్పటిలాగే వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

కాగితాలు తీసుకోలేదు.

"ఆ తప్పు విప్పితే పోతుందండీ," అంది. గొంతు తను అనుకున్నంత స్పష్టంగా రాలేదు. "ఈ అమ్మాయి మీకు అబద్ధం చెప్పింది. కాగితం చూపించింది. మంగళవారం సాయంత్రం, మా వంటింట్లో, నాకే చూపించింది. మొదటి కాగితంలో రెండు కామాలు దిద్దాను. అదుగో, మూడోదాని మీద ఆ ఎర్రచుక్క నా పెన్సిలుదే. తప్పు ఉందని అక్కడే కనిపించింది. చూసి, కాగితం తిప్పేసి, బాగుందన్నాను."

డైరెక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎందుకమ్మా?" అంది ఇంజనీరమ్మ.

వదిన గువ్వ వైపు తిరిగింది.

"కుళ్ళుకున్నానే," అంది. "నీ చప్పట్లు విని కుళ్ళుకున్నాను. తప్పు నాదే."